విరగని చేతికి కట్టు

ఐసీయూ తలుపు దగ్గర నిలబడి పక్కున నవ్విన మనుషుల్ని మీరెప్పుడైనా చూశారా? మా వీధివాళ్లం నవ్వాం. ఒకరిద్దరం కాదు, వీధికి వీధి దిగింది ఆ వరండాలోకి. మమ్మల్ని లెక్కపెట్టబోయిన సెక్యూరిటీ అతను మధ్యలోనే మానేసి కుర్చీలో కూలబడ్డాడు. లోపలినుంచి ఓ కుర్ర డాక్టరు వచ్చి, "పెద్దాయనకి మెదడులో రక్తనాళం చిట్లింది. బీపీ విపరీతంగా పెరిగిపోయి..." అంటూ మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకుండానే మేం నవ్వాం. ఎవరికి? మామకి? బీపీ? చేప నీళ్లలో మునిగి చచ్చిందని చెబితే మీరేం చేస్తారు? మేమూ అదే చేశాం.

రెండు రోజుల తర్వాత మామ పోయాడు. ఆ నవ్వు నా గొంతులో ఇంకా అడ్డంగానే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు.

మామ పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరేందప్పా ముందుకొచ్చింది? ఎనక నిలబడినోల్ల పేర్లు కానీ" అని పోట్లాటకి దిగుతాడు. మా నాయనకీ ఆయన మామే, నాకూ మామే, నా కొడుక్కీ మామే. తిరుపతిలో మా వీధిలో పుట్టిన ప్రతి జీవికీ ఆయన మామ. చివరికి బిల్లు కట్టలేదని కరెంటు పీకడానికి వచ్చినవాడు కూడా ఆయన్ని "మామా" అని పిలిచి, ఇచ్చిన కాఫీ తాగి, పీకకుండానే వెళ్లిపోయాడు.

కొండమీద క్యూలైన్లలో ఉద్యోగం చేసి దిగొచ్చిన మనిషి. స్వామి ఎదుట అరక్షణం నిలబడి మనం కళ్లు పెద్దవి చేసుకునేలోగా చెవి పక్కన "జరగండి, జరగండి" అని వినపడుతుంది చూడండి, ఆ గొంతుల్లో ఒకటి మామది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ ఆ గొంతు రిటైరు కాలేదు. పెళ్లిళ్లలో అక్షింతలు వేసేవాళ్ల పక్కన నిలబడి "జరగండి" అనేవాడు. రేషను షాపు ముందు అనేవాడు. వాకిట్లో వడియాలు తినబోయిన కాకుల్ని కూడా "జరగండి" అనేవాడు, అవి జరిగేవి కూడా. ఒకసారి శవయాత్రలో పాడె మలుపు దగ్గర ఆగితే అలవాటుకొద్దీ అరిచాడు. పాడె మోస్తున్న నలుగురూ ఉలిక్కిపడి పరుగెత్తారు. పోయినాయన అంత వేగంగా బతికుండగా ఎప్పుడూ నడవలేదని చెప్పుకున్నారు.

"నిద్రలో గూడా అదే నాయనా," అనేది అత్త, అంటే మామ భార్య. "పెండ్లయిన కాడ్నించీ జరుగు జరుగు అంటానే ఉండాడు. జరిగి జరిగి గోడకి ఆనుకున్నా. ఇంకేం, గోడ ఇరగ్గొట్టుకోని పక్కింట్లో పడాల."

మామకి లోకంలో ఆస్పత్రులు రెండే రకాలు. సర్కారు ఆస్పత్రి ధర్మదర్శనం. ప్రైవేటు ఆస్పత్రి టికెట్టు దర్శనం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఇడ్లీ బండి దగ్గర నిలబడి బోధించేవాడు. బండాయన చట్నీ పొయ్యడం మరిచిపోయి వినేవాడు. మేం ఉత్త ఇడ్లీలు నమిలి గుటకలు మింగేవాళ్లం.

"సామి ఒగడే గదా మామా, ఏ లైన్లో పోతే ఏముండాది?" అని బండాయన అడిగితే, "సామి ఒగడేనప్పా. టికెట్టు లైన్లో సామి కనపడక ముందు నీకు లడ్డు కౌంటరు కనపడతాది. అదే తేడా" అనేవాడు.

సర్కారు ఆస్పత్రిని వెనకేసుకొచ్చాడని అనుకోకండి. "ధర్మదర్శనంలో డాక్టరుంటే మిషనుండదు. మిషనుంటే కరెంటుండదు. రెండూ ఉన్న రోజు మనకి రోగముండదు" అనేది కూడా ఆయనే.

మా వీధి మొదట్లో భజన గుడి ఉంది. దాని అరుగు మీద నెలకోసారి సర్కారు క్లినిక్కు వాళ్లు క్యాంపు పెడతారు. క్యాంపంటే పందిళ్లు, మైకులు ఊహించుకునేరు. ఒక నర్సమ్మ, ఒక కుర్చీ, ఒక బీపీ మిషను. కుర్చీకి మూడున్నర కాళ్లు. లావుపాటి మనిషి కూర్చుంటే ముందు కుర్చీకి బీపీ చూడాల్సి వచ్చేది.

మొదట్లో ఆ అరుగు దగ్గరికి ఈగ కూడా వాలలేదు. మామ ఊరుకుంటాడా? కండువా భుజాన వేసుకుని గడప గడపకీ దిగాడు. మొదటి గడపలోనే మురుకులు అమ్మే అవ్వ అడ్డం తిరిగింది. అవ్వ వయసెంతో అవ్వకే తెలియదు. ఏడుకొండల్లో రెండో మూడో తన కళ్లముందే మొలిచినట్టు మాట్లాడుతుంది.

"చెయ్యి ఇరిగితే పుత్తూరికి పోతాం, కట్టు కట్టించుకుంటాం, వస్తాం," అంది అవ్వ. "ఇరగని చేతికి కట్టెందుకబ్బా? నీకేమన్నా ఎర్రి పట్టిందా?"

వీధంతా ఘొల్లుమంది. పుత్తూరు కట్టు సంగతి మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. ఎముక విరిగినవాడు మూలుగుతూ బస్సెక్కి పోతాడు, ఆకుపసరు కట్టుతో తిరిగొస్తాడు. చెయ్యి బాగున్నవాడు పోయి కట్టు కట్టమంటే వాళ్లు కట్టేది చేతికి కాదు, నోటికి.

మామ నవ్వలేదు. అవ్వ చేతిలోంచి ఒక మురుకు లాక్కున్నాడు. రెండుగా విరిచాడు.

"ఇప్పుడు దీన్ని పుత్తూరు తీసకపోతే అతుకుతాదా?"

"అతకదు."

"లోపల నరం ఇరిగితే గూడా ఇంతే అవ్వా. దానికి పుత్తూరు లేదు. అందుకే ఇరగకముందే ఈ కట్టు."

అవ్వ కాసేపు మురుకు వంక చూసింది. "ఆ మురుకు దుడ్లు ఎవురిస్తారు?" అంది. కానీ లేచి వచ్చింది. అవ్వ వెనక వీధి వచ్చింది. మామ జన్మ ధన్యమైంది. అరుగు కింద తాడు కట్టాడు, ఆడవాళ్లని ఓ పక్కా, మగవాళ్లని ఓ పక్కా నిలబెట్టాడు, "జరగండి, జరగండి" అని భజన గుడి గంట కూడా దానంతటదే మోగేలా అరిచాడు.

ఇడ్లీ బండాయన చెయ్యి పెట్టినప్పుడు మిషనులో అంకె చూసి నర్సమ్మ మిషను చెడిపోయిందనుకుంది. తన చేతికి చుట్టుకుని చూసుకుంది. మిషను బాగానే ఉంది. బండాయనే బాగాలేడు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, పొద్దున్నే బస్తా పిండి ఎత్తి వచ్చిన మనిషి. ఇప్పుడు సర్కారు మాత్ర రోజుకొకటి వేసుకుంటూ, ఇడ్లీలు యథావిధిగా రాళ్లలా వేస్తూ నిక్షేపంగా ఉన్నాడు. మా ఆవిడకి కూడా అక్కడే బయటపడింది. కారణం నేనని నర్సమ్మ అనలేదు గానీ, నా వంక చూసిన చూపులో ఆ అర్థం ఉంది.

అలా మా వీధిలో ఆ బీపీ పట్టీ చుట్టని చెయ్యి మిగల్లేదు. నాదొక్కటి తప్ప.

నేనెందుకు చుట్టించుకుంటాను? నేను టికెట్టు దర్శనం వాణ్ని. యాభై నిండాయని నాకు నేనే కానుకగా ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ప్యాకేజీ కొనుక్కున్నాను. నఖశిఖపర్యంతం పరీక్షలు, మధ్యలో పొంగలి, వడ. నా ఒంట్లోంచి తీసిన రక్తంతో ఓ చిన్న చెరువు నిండేది. చివరికి బంగారు రంగు అట్ట వేసిన ఫైలు చేతిలో పెట్టారు. మహాభారతం దాని పక్కన పెడితే కరపత్రంలా కనిపిస్తుంది. అందులో ఎక్కడో, కడుపు ఫొటోలో "నీడ" ఉందన్నారు. నీడకి ఇంకో స్కాను, దానికి మరో స్కాను, దాన్ని చూడటానికి చెన్నై నుంచి వచ్చే పెద్ద డాక్టరు. నెల రోజులు నేను వీలునామా రాసుకుంటూ బతికాను. చివరికి ఆ నీడ నేను ఫొటోకి ముందు తిన్న పొంగలిదని తేలింది.

ఫైలు మామకి చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు.

"బాగుండాదప్పా. తలకింద పెట్టుకోవచ్చు."

"అన్నీ చూశారు మామా. తల నుంచి కాలిదాకా."

"నీకన్నీ చూస్తారు. నువ్వు టికెట్టు కొన్నావు. రోగమొచ్చినోడికి గూడా చూస్తారు. వాడు పొలమమ్మి ఇస్తాడు. రోగం రానోడు, దుడ్లు లేనోడు ఉండాడు చూడు, ఆ అవ్వ. ఆమెని ఎవురు చూస్తారు? రాని రోగానికి ఎవుడప్పా బిల్లేస్తాడు? అది సర్కారే చెయ్యాల. అందరికీ అన్నీ వద్దు. అందరికీ ఒగటి చేస్తే చాలు."

"నాకిక నీ క్యాంపు అక్కర్లేదులే" అన్నాను ఫైలు తుడుచుకుంటూ.

"పోయినేడు సామిని చూసినానని ఈ ఏడు కొండెక్కవా?"

నేను ఎక్కలేదు. క్యాంపు రోజున అరుగు పక్కన నిలబడి వినోదం మాత్రం చూసేవాణ్ని.

మిషనుకి నాలుగు బ్యాటరీలు కావాలి. ఇంత పెద్ద రాజ్యాంగ యంత్రం ఆ నాలుగు బ్యాటరీల దగ్గర ఆగిపోయేది. "పైకి రాసినాం సార్" అనేది నర్సమ్మ ప్రతి నెలా. ఆ పై ఎంత ఎత్తున ఉందో, రాసింది అక్కడికి చేరేలోగా బ్యాటరీలు కనిపెట్టినవాడి మనవలు ముసలివాళ్లయిపోయేట్టున్నారు. మామే కొనుక్కొచ్చేవాడు. ఓసారి మిషనులోనే వదిలేస్తే మర్నాటికి అవి భజన గుడి గోడగడియారంలో తేలాయి. దేవుడి సొమ్ము, అడగలేం. అప్పటినుంచీ క్యాంపు అయిపోగానే మామ బ్యాటరీలు ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. నెలంతా ఆయన నడుస్తుంటే గుండె దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడయ్యేది.

క్యాంపులో మామ నిలబడే తీరు ఒకటుంది. వీపు కుర్చీ వైపు, ముఖం జనం వైపు. కొండమీద నేర్చిన తీరు అది. "అన్నేండ్లు సామి దగ్గరే ఉండావు, ఎన్నిసార్లు దర్శనం చేసుంటావో" అని ఎవరో అసూయపడితే మామ చెప్పిన మాట నాకు గుర్తుంది. "సామి నా ఎనక ఉండాడప్పా. నా మొగం జనం పక్క. ఎనక్కి తిరిగితే లైను ఆగిపోతాది."

"నువ్వూ కూసో మామా" అని ఎవరైనా అన్నారా? అన్నారు. నర్సమ్మ అంది, బండాయన అన్నాడు. "నాదేముందప్పా, ఆకర్న చూసుకుంటా. ముందు మీరు కానీండి" అనేవాడు. ఆఖరు ఎప్పుడొచ్చింది? ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు. లేదంటే నర్సమ్మకి ఇంకో వీధిలో క్యాంపు ఉండేది. అదీ కాకపోతే బ్యాటరీలు అయిపోయేవి. అరుగు ఖాళీ అయ్యేది. మామ తాడు చుట్టుకుని, జేబు చప్పుడు చేసుకుంటూ ఇంటికి పోయేవాడు.

ఆ రోజు పొద్దున కూడా ఇడ్లీ బండి దగ్గర ఆయన చివరే నిలబడ్డాడట. బడికి పోయే పిల్లల్ని ముందుకి తోశాడు. కూలికి పోయేవాళ్లని తోశాడు. "జరగండి" అని సగం అన్నాడు. మిగతా సగం రాలేదు. బండాయన గరిటె పారేసి ఉరికేలోగా మామ కింద పడిపోయాడు.

సర్కారు పెద్దాస్పత్రిలో ఆ రోజు ఐసీయూ మంచం ఖాళీ లేదు. సర్కారు కార్డు చెల్లుతుందంటే ప్రైవేటుకి తీసుకుపోయాం. జీవితమంతా ధర్మదర్శనం వాదించిన మనిషి టికెట్టు దర్శనానికి పోయాడు, అదీ సర్కారు కొన్న టికెట్టుతో. అక్కడి ఐసీయూ తలుపు దగ్గరే మేం నవ్వింది.

డాక్టరు మా నవ్వు ఆగేదాకా చూసి, "బీపీ ఉందని ముందే తెలుసా? మాత్రలు వాడుతున్నారా?" అన్నాడు.

"మాత్రలేంది సార్," అన్నాడు బండాయన కళ్లు తుడుచుకుంటూ. "మా వీధికి బీపీ చూపించేదే ఆయన. నెలనెలా క్యాంపులో ముందర ఉంటాడు."

"మరి ఆయనకెంత ఉండేది?"

బండాయన నా వంక చూశాడు. నేను అవ్వ వంక చూశాను. అవ్వ అత్త వంక చూసింది.

"క్యాంపుకి పోతా ఉండె గదా నాయనా," అంది అత్త. "చూసే ఉంటారులే అని నేననుకుంటి."

నర్సమ్మకి ఫోన్ చేశాను. "నేనెప్పుడూ ఆయన చెయ్యి పట్టుకోలేదు సార్," అంది. "మీ మాదిరి బయట ఎక్కడో ప్యాకేజీ చేయించుకుని ఉంటాడనుకున్నా."

"లేదులే, ఒగసారి కూసున్నాడు, నేను చూసినా" అన్నాడు బండాయన, గొంతు పెంచి.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంది అవ్వ.

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం చెప్పి బాగుపడినవాడు మా జిల్లాలో లేడు. బండాయన తల దించుకున్నాడు. అవ్వ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఆ వరండాలో వీధికి వీధి ఉంది. ప్రమాణానికి ఒక్క చెయ్యి లేవలేదు.

నేను మాటలు పెంచి చెప్పేవాణ్ని. ఈ ఒక్కటి పెంచడానికి నా దగ్గర మాట లేదు. అందరి కళ్లముందూ, నట్టనడిబజారులో, మిషనుకి జానెడు దూరంలో నిలబడ్డ మనిషిని ఎవరూ చూడలేదు. డాక్టరు చెప్పాడు, గుండె గోడ మందంగా అయిపోయిందట, మూత్రపిండాలు చిక్కిపోయాయట. "ఇది ఒక్కరోజు బీపీ కాదు. ఏళ్ల తరబడి ఉండుంటుంది. రోజూ ఓ మాత్ర వేసుకుని ఉంటే..." అని ఆపేశాడు. లోపల మామ చేతికి పట్టీ చుట్టారు. అది దానంతటదే బిగుసుకుంటోంది, వదులవుతోంది. ఆ చేతికి కట్టు పడటం అదే మొదలు.

ఆ రెండు రోజులకి సర్కారు ఆ ఆస్పత్రికి ఎంత కట్టిందో నాకు తెలియదు. నా లెక్క ప్రకారం ఆ డబ్బుతో పుత్తూరు నుంచి తిరుపతి దాకా రోడ్డు మీద బ్యాటరీలు పరిచి, వాటి మీద నడుచుకుంటూ రావచ్చు. మామ ఉంటే ఈ లెక్కకి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మామ పోయాక ఆస్పత్రి వాళ్లు ఓ ప్లాస్టిక్ కవరు అత్త చేతిలో పెట్టారు. కళ్లజోడు, కండువా, నాలుగు బ్యాటరీలు.

"ఇవి టీవీ రిమోటువా అమ్మా?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

అత్త నాలుగింటినీ గుప్పిట్లో పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. పదకొండో రోజు దాకా ఆ గుప్పిట విప్పడం నేను చూడలేదు. ఇది మాత్రం అతిశయోక్తే, కానీ ఎంతో కాదు.

తర్వాతి నెల క్యాంపు వచ్చింది. అత్తే అరుగు దగ్గరికి వచ్చి బ్యాటరీలు నర్సమ్మ చేతికిచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తాడు కట్టేవాళ్లు లేరు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. కుర్చీ మూడున్నర కాళ్లలో అర కాలు ఆరోజే పోయింది.

"నోరున్నోడివి, నువ్వన్నా నిలబెట్టప్పా వీళ్లని" అన్నాడు బండాయన నన్ను ముందుకి తోస్తూ.

నాకు అంతకంటే ఏం కావాలి? అరుగు ముందు నిలబడ్డాను. జనం వైపు తిరిగాను. తాడు కట్టించాను. "జరగండి, జరగండి" అన్నాను. మామ గొంతులో సగం కూడా లేదు, అయినా లైను కదిలింది. చెప్పొద్దూ, బాగుంది. ఒక్కొక్కరూ కూర్చుంటున్నారు, లేస్తున్నారు, నేను రాజ్యం ఏలుతున్నాను. కుర్చీ ముక్కాలి పీటలా మిగిలినా, గోడకి ఆనించి నడిపిస్తున్నాను. అవ్వ వంతు వచ్చింది. పట్టీ చుట్టించుకుంటూ నా వీపు మీద పొడిచింది.

"నీదయిందా?"

"నాదేముందవ్వా, ఆకర్న చూసుకుంటా" అన్నాను.

ఎదురుగా లైను ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు అర్థం కాలేదు. బండాయన నన్ను దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నాడు. స్తంభం దగ్గర అత్త తలెత్తింది. అప్పుడు వినపడింది నాకు, నా నోట్లోంచి వచ్చిన మాట. ఆ మాట నేను నేర్చుకోలేదు. అక్కడ నిలబడేసరికి అదే వచ్చింది.

వెనక బర్రుమని చప్పుడైంది. అవ్వ తన చేతి పట్టీ తనే పీకేసింది. లేచింది. నా మణికట్టు పట్టుకుంది. మురుకులు పిండే చెయ్యి అది, వదిలించుకోవడం నా వల్ల కాదు.

"జరుగు" అంది. నన్ను తిప్పి కుర్చీలోకి తోసింది.

నర్సమ్మ పట్టీ చుట్టింది. మిషను గురగురమంది. పట్టీ బిగిసి, బిగిసి, మెల్లగా వదిలింది. నర్సమ్మ అంకె చూసింది. నన్ను చూసింది. మళ్లీ అంకె చూసింది.

"కదలకుండా కూర్చోండి సార్. ఇంకోసారి చూస్తా."

ఎదురుగా ఎండలో జనం ఉన్నారు. వాళ్లని చూసి లేవబోయాను. అవ్వ భుజం మీద చెయ్యేసి నొక్కింది.

"గమ్మున కూసో నాయనా. లైను యాడికీ పోదులే."